చిరునామా అడిగితే రాసిన వీలునామా

మా ఇల్లు అమ్ముతున్నందుకు నేను బెంగపెట్టుకున్నానని ఇంటిల్లిపాదీ నిర్ణయించేశారు. తక్కువ తింటే బెంగ, ఎక్కువ నిద్రపోతే బెంగ, మాట్లాడకపోతే బెంగ, మాట్లాడితే పైకి చెప్పుకోలేని బెంగ. నాన్న చెల్లెలు, మా అత్త, ఫోనులో అందరికీ చెబుతోంది: "పాపం, దానికి ఆ ఇల్లంటే ప్రాణం." కాదు. అందులో పెరిగాను, అంతే. ఈ సంగతి రాతలో ఉండాలని ముందుగా రాస్తున్నాను.

ఇక పద్ధతి ప్రకారం. కాలు ఒకచోట నిలవదని నాన్న బొంగరం అని పేరు పెట్టిన నేను, వయసు ఇరవై ఆరు, భూగోళశాస్త్రం చదివినదానిని, లిఫ్టు మెకానిక్కుకూ ఎక్స్‌రే తీసే ఆవిడకూ రెండో కూతురిని, నిండు స్పృహతో, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. స్థిరబుద్ధి అన్నచోట అక్క నవ్వుతుంది. మూడు ఉద్యోగాలూ స్థిరబుద్ధితోనే మానేశాను.

దీన్ని అమలుచేసే బాధ్యత వకీలు బాబాయిది. ఆయన నాన్నతో కలిసి చదువుకున్నవాడు, పోయిన వారం అమ్మానాన్నల వీలునామాలు రాసినవాడు. వాళ్ళిద్దరూ ఉద్యోగ విరమణ చేసి, ఇల్లూ సామానూ వదిలించుకుని, చెరో సూట్‌కేసుతో దేశాలు తిరగబోతున్నారు. మళ్ళీ ఇల్లు కొనే ఉద్దేశం లేదు. ఆ రోజు సంతకాలయ్యాక బాబాయి నావైపు తిరిగి, "నువ్వూ ఒకటి రాసి పడేయవే, ఓ పనైపోతుంది" అన్నాడు. అమ్మ, "దానికేముందని రాస్తుంది?" అంది. ఏముందో ఈ కింద రాస్తున్నాను.

1. ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మ వస్తువులకు రంగు కాగితాలు అంటించింది. పచ్చవి అమ్మేవి, నీలివి ఊరికే ఇచ్చేవి. అమ్మడానికి మనసొప్పక, పారేయడానికి చెయ్యిరాక మిగిలినవాటికి ఎర్ర కాగితం. ఎర్ర కాగితం అంటే, "అమ్మాయి దగ్గరుంటాయిలే" అని. ఒంటిగది అద్దె వాటాలో ఉండే నాకు ఆ విధంగా ఆస్తి సంక్రమించింది. వీలునామా మనిషి పోయాకే చెల్లుతుందని బాబాయి అడ్డం చెప్పాడు. బతికుండగానే సర్వం పంచుతున్నవాళ్ళ కూతురిని నేను. వస్తువులు ఈ వారమే వెళ్తాయి. మిగతా షరతులు నేను పోయాక చెల్లుతాయి.

2. ఎనిమిది మంది కూర్చునే భోజనాల బల్ల అక్కకు. దాని అడుగున మేకుతో చెక్కిన బూతుమాట నేను రాయలేదు. అప్పటికి నాకు అక్షరాలే రావు. దెబ్బలు మాత్రం నాకు పడ్డాయి. ఇంట్లో పట్టదంటే బావగారు కాళ్ళు కోయించుకోవచ్చు, బల్లవి.

3. నిలువుటద్దం అత్తకు. వచ్చినప్పుడల్లా నన్ను దానిముందు నిలబెట్టి, "ఎలా అయిపోయావో చూసుకోవే" అనేది. ఇకమీదట ఎవరు ఎలా అయిపోయారో తీరిగ్గా చూసుకోవచ్చు. అయితే నేను పరీక్ష తప్పిన ఏడాది, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా వచ్చి నా పక్కన పడుకున్నదీ అత్తే. అందుకని నా ఊలు శాలువా కూడా ఆమెకే.

4. ఎక్స్‌రే ఫిల్ము అమ్మకు. చిన్నప్పుడు మెట్లమీంచి పడి నా మణికట్టు విరిగింది. ఆ రోజు ఆసుపత్రిలో డ్యూటీ అమ్మదే. నా చెయ్యి తనే సర్ది పెట్టి, "కదలకు, ఊపిరి పట్టు" అంది, బయటివాళ్ళకు చెప్పే గొంతుతోనే. ఫిల్ము కడగడానికి చీకటి గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పటికి మొహం కడుక్కుని ఉంది. ఫిల్ము కడగడం అంత పొడుగు పనని పెద్దయ్యేదాకా నమ్మాను. అమ్మా, దీనికి ఎర్ర కాగితం అంటించావు. దీనికి బరువు లేదు, సూట్‌కేసు అడుగున పరిచెయ్యి. ఏ దేశంలోనైనా కిటికీకి ఆనిస్తే నా చెయ్యి కనిపిస్తుంది.

5. రసమట్టం నాన్నకు. లిఫ్టు గడపకు సమంగా ఆగిందో లేదో ఆ గాజు గొట్టంలోని బుడగను చూసి చెప్పేవాడు. "వేలెడు తేడా ఉంటే చాలే, ముసలాళ్ళు తట్టుకుని పడతారు." వీడ్కోలు సభలో, "ఇన్నాళ్ళూ నిలువునా తిరిగాను, ఇక అడ్డంగా తిరుగుతాను" అని అందరినీ నవ్వించాడు. ఇంటికొచ్చి దీనికి ఎర్ర కాగితం తగిలించాడు. నాన్నా, నా దగ్గర ఇది సొరుగులో పడుంటుంది. నీ దగ్గరైతే ప్రతి హోటల్లోనూ మంచం మీద పెట్టి చూసి అమ్మను విసిగిస్తావు. దానికదే న్యాయం.

6. చిరునామా. ఆ రోజు వకీలు ఆఫీసులో బాబాయి అడిగాడు: "శాశ్వత చిరునామా ఏం వెయ్యమంటావురా?" నాన్న నావైపు చూడనైనా చూడకుండా, "మా బొంగరం గది వేసెయ్" అన్నాడు. అక్కది వెయ్యొచ్చుగా అన్నాను. "దానికి సంసారం ఉందే" అంది అమ్మ. "నీకూ మంచిది, కాస్త ఒకచోట కుదురుకుంటావు." దారిలో కొన్న కొత్త సూట్‌కేసు పక్కన పెట్టుకుని అన్న మాట ఇది. నాకు నవ్వొచ్చింది.

తర్వాత బాబాయి, దూరదేశంలో జరగరానిది జరిగితే ఏం చెయ్యమంటారని అడిగాడు. అమ్మ తడుముకోలేదు. "ఎక్కడ పోతే అక్కడే కానిచ్చెయ్యమనండి అన్నయ్యా. చిన్నదానికి కబురు చేస్తే చాలు."

నవ్వు ఆగిపోయింది. కబురు రావడానికి ఒక గుమ్మం ఉండాలి. ఆ గుమ్మం లోపల, తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడే మనిషి ఉండాలి. ఆ మనిషి నేనని ఇద్దరూ అనుకున్నారు, నన్ను అడగలేదు. వారంగా నాకు తిండి సయించకపోవడానికి కారణం ఇదీ, ఇల్లు కాదు.

7. నాకు కొండమీది వాతావరణ కేంద్రంలో పరిశీలకురాలిగా ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళు అక్కడే ఉండాలి. ఉత్తరాలు నెలకోసారి సరుకుల బండితో వస్తాయి, మంచు కురిస్తే అదీ రాదు. ఫోను గాలి దయ. చెబితే అమ్మానాన్నా ప్రయాణం మానుకుంటారేమోనని ఇంతకాలం నోరు విప్పలేదు. మానుకోవడానికి వీల్లేదు. ఒకరు చీకటి గదిలో, ఒకరు లిఫ్టు గోతిలో బతుకంతా గడిపారు. వాళ్ళు వెళ్ళి తీరాలి. ఉత్తరాలు అందుకోవడానికి బాబాయి గుమాస్తా ఒప్పుకున్నాడు, నేనే అడిగాను. శాశ్వత చిరునామాలో నా గది కొట్టేసి బాబాయి ఆఫీసు వేయించండి.

8. కబురు సంగతి. అది నాకు ఆలస్యంగా చేరుతుంది. చివరిచూపుకు అందను. చేరిన రోజున ఏడుస్తాను. నా గురించిన కబురు మీకు చేరడమూ అంతే. నేను ఆ కొండమీద పోతే కిందికి దించే శ్రమ ఎవరూ పడవద్దు. మీ విషయంలో మీరు చెప్పిందే నా విషయంలోనూ.

9. నేనుండే గది ఇంటావిడది కనుక ఎవరికీ రాయడం లేదు. ఖాళీ చేస్తున్నానని ఆవిడకు చెప్పేశాను. ఉద్యోగానికి ఒప్పుకుంటూ ఈ ఉదయం జవాబు పంపాను. ఆదివారం సరుకుల బండిలో కొండెక్కుతున్నాను.

తేదీ: నవంబరు పదిహేడు, శుక్రవారం

సంతకం: బొంగరం

సాక్షులు:
ఎదురు వాటా పళ్ళ డాక్టరు
పాత సామాన్లు కొనే షాపాయన