గోడ పడగొట్టవద్దన్నందుకు ఫీజు

మార్చి 2, ఆదివారం

ఈ రోజు మా ఇంటి ప్రార్థనకు వాకిట్లో కూడా నిలబడ్డారు! ముందుగది నిండింది, వరండా నిండింది, చెప్పులు గేటు దాటి రోడ్డెక్కాయి. నేను ఏ బైబిలు కాలేజీలోనూ వాక్యం నేర్చుకోలేదు. లారీ షెడ్డులో టైర్లు విప్పుతూ, అన్నం తినే వేళ నీడలో కూర్చుని చదువుకున్నవాణ్ణి. ఈ నోటికి ఇంత జనం! వెనకవాళ్లకు వినపడాలని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పోతే పోనీ.

నిర్ణయం అయిపోయింది. ముందుగదికీ పడకగదికీ మధ్య గోడ పడగొట్టేస్తాను. మొత్తం ఒకే హాలు. మేం రాత్రిళ్లు హాల్లోనే పడుకుంటాం. పడకగది కిటికీ పక్కనున్న మా ఆవిడ కుట్టుమిషను వరండాలోకి వస్తుంది.

ఆవిడకు చెప్పాను. సరే అంది. సరే అన్నాక మిషను ఇంకాస్త గట్టిగా తొక్కింది.

మార్చి 4, మంగళవారం

కాంట్రాక్టరు వచ్చాడు. ఫోన్లో బొమ్మ చూపించాడు. ఫాల్స్ సీలింగు, అందులో దాక్కున్న లైట్లు, నా వెనక రాయి పలకల గోడ. ఒళ్లు పులకరించింది. డిజైన్ ఫ్రీ బ్రదర్, పని మాత్రం నాకివ్వండి, దేవుడి పని కదా అన్నాడు. గోడ తీస్తే బీము కావాలట. బీము వేస్తే సీలింగు కావాలట. గోడ ఉన్నచోట నేల అతకదు కాబట్టి ఇల్లంతా కొత్త టైల్సు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని నేనే ఎన్నిసార్లు చెప్పానో. చూసుకుంటాను. రేపు.

మార్చి 5, బుధవారం

మరదలు ఊడిపడింది, వెంట ఒక డిజైనరమ్మతో. బావా, గోడకి సుత్తి తగిలాక సారీ చెప్తే అది లేచి నిలబడదు, ముందు ఈవిడకి చూపించు అంది.

డిజైనరమ్మ ఫీజు చెప్పింది. ఒకటే మొత్తం, సగం ముందు. దానికి ఆమె ఇచ్చేది ప్లాన్ మాత్రమే. పని ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, ఏ షాపు నుంచీ తను కమీషన్ తీసుకోదట. గీతలకే అంతా? అన్నాను. నేను వాక్యానికి రేటు పెట్టనమ్మా, వాళ్ల మనసు ప్రేరేపించినంత కానుక వేస్తారు, నువ్వూ అలాగే తీసుకో అన్నాను.

ఆమె నవ్వకుండా అంది: అలాగే సార్, నేనూ నా మనసు ప్రేరేపించినంత వరకే గీస్తాను, వంటగది దగ్గర ఆగిపోతే ఏమనుకోకండి.

మరదలు పడీపడీ నవ్వింది. వాక్యం ఉచితంగా దొరికిందని ఇటుకలూ ఉచితమే అనుకుంటాడే మా బావ అంది. నేను లేఖనం తీయబోయేలోపు మా ఆవిడ లోపలికెళ్లి, కుట్టుకూలి దాచుకున్న డబ్బా తెచ్చి, సగం ఫీజు బల్ల మీద పెట్టింది. ఆ గది పోతే నేనెక్కడుండాలో మీరు చెప్పలేదు, ఈ అమ్మాయినే అడుగుతాను అంది.

 

మార్చి 9, ఆదివారం, మధ్యాహ్నం

హల్లెలూయా! డిజైనరమ్మ ప్రార్థనకు వచ్చింది! అందరికన్నా వెనక కూర్చుంది. నాలో అగ్ని రగిలింది. సిద్ధం చేసుకున్న భాగం పక్కన పెట్టేసి తప్పిపోయిన గొర్రె మీద దంచాను, ఆమె ఒక్కదాని కోసం. అనుకున్న టైము దాటిపోయింది. ఆమె మాటిమాటికీ పైకి చూసింది. ఒకచోట కళ్లు మూసుకుని కదలకుండా ఉండిపోయింది. ప్రతి మాటకూ ఆమేన్ అనే మా ఆమేన్ బాబాయి కూడా గమనించి, సోదరి దొరికిపోయింది బ్రదర్ అని నా చెవిలో చెప్పాడు.

అదే రోజు, సాయంత్రం

ఏ మాట తాకిందమ్మా అని అడిగాను. సారీ సార్ అంది. జనం ఎలా కూర్చుంటారో చూద్దామని వచ్చిందట. పైకి చూసింది ఫ్యాను గాలి వెనక్కి ఎందుకు రావట్లేదా అని. కళ్లు మూసుకుంది నా గొంతు ఏ వరుస దాకా తేటగా అందుతోందో వినడానికి.

నేను ఉడికిపోతుంటే ఇంకోటి అడిగింది. ప్రార్థనలో అక్క ఎక్కడ కూర్చుంటారో తెలుసా సార్?

తెలుసన్నాను. తెలియదు. వంటగది గడప దగ్గర, బోర్లించిన బకెట్టు మీద అని ఆమే చెప్పింది.

మార్చి 12, బుధవారం

ప్లాన్ ఇంకా రాలేదు. ఓర్పు మీద ప్రసంగం చేయడం తేలిక.

మార్చి 15, శనివారం

ప్లాన్ వచ్చింది. ఒకే కాగితం. గోడ అలాగే ఉంది!

సింహంలా లేచాను. వద్దని చెప్పడానికి ఫీజా? ఏమీ చేయవద్దని చెప్పడానికి నా ఇంటికి రావాలా? మరదలు, బావా కొంచెం మైకు ఆఫ్ చెయ్యి అంది. డిజైనరమ్మ తాపీగా చూపించింది. గది పొడుగ్గా ఉంది, నేను ఒక కొసన నిలబడతాను, అందుకే జనం రైలు పెట్టెలా వెనక్కి వెనక్కి. పొడుగు గోడ మధ్యలో నిలబడితే అందరూ దగ్గరే. బీరువా, రెండు ట్రంకుపెట్టెలు ముందుగదిలోంచి తీసేయాలి. ఫ్యాను జరపాలి. పడకగదికి ఇన్నాళ్లూ కర్టెనే కదా, దానికొక తలుపు. అంతే.

కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను, ఆమెను తిట్టిద్దామనే. తిట్టాడు. ఆ అమ్మాయికి పని తెలీదు బ్రదర్, పని తెలిసినవాళ్లు పని పెంచుతారు అన్నాడు.

ఫోన్ పెట్టేసి అలాగే నిలబడ్డాను. పని పెంచుతారట! గోడ పడితే లాభం వచ్చేవాడు పడగొట్టొద్దని ఎందుకంటాడు? గోడ పడినా నిలిచినా ఆమె ఫీజు అంతే. కనుక ఆమెకు ఉన్నమాట చెప్పే వీలుంది. ఎవరి మొహమూ చూడకుండా నిజం చెప్పాలనే కదా నేను వాక్యానికి రేటు పెట్టనిది! నాకు రేటు లేకపోవడంలో ఉన్న స్వాతంత్ర్యం ఆమెకు రేటు ముందే చెప్పడంలో ఉంది. ఇది ఏ వ్యాఖ్యానంలోనూ చదవలేదు. పరుగెత్తుకెళ్లి మా ఆవిడకు చెప్పాను. మిషను ఆపకుండానే, నాకు మొన్నే తెలుసు అంది.

మార్చి 16, ఆదివారం

బీరువా మోయడంలో నడుం పట్టేసింది. అయినా మహిమ! పొడుగు గోడకు ఆనుకుని నిలబడి అలవాటు ప్రకారం గర్జించాను. ముందు వరుస పిల్ల చెవులు మూసుకుంది. నిద్రలో ఉన్న ఆమేన్ బాబాయి ఉలిక్కిపడి రెండుసార్లు ఆమేన్ అన్నాడు. గొంతు తగ్గించాను. ఇంకా తగ్గించాను. వరండాలో వాళ్లు తలలూపుతున్నారు! మొదటిసారి జనం ముఖాలు చూశాను, ఒక్కొక్కటీ. రెండో వరుసలో, కుర్చీలో, వీపు ఆనించి మా ఆవిడ.

మిగతా సగం నేనిచ్చాను. పైన కానుక కూడా పెట్టబోతే డిజైనరమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఫీజు అంటే ఫీజే సార్ అంది.

మార్చి 22, శనివారం

వడ్రంగి తలుపు బిగించి వెళ్లాడు. లోపలి వైపు గడియ కూడా. ఆవిడ అడిగిందట.

మార్చి 24, సోమవారం

గదిలోకి వెళ్లబోయాను. తలుపు మూసి ఉంది. తట్టాను.

ఎవరూ? అంది.

నేనే అన్నాను.

ఏం పని మీద? అంది.

ఊరికే, అన్నాను.

గడియ తీసింది.