గింజలు అయిపోయాక చాయ్

హైదరాబాదు, నాచారంలో కాపురముంటున్న గడ్డం తారామణి అనే నేను, కీర్తిశేషులు గడ్డం గోపయ్య భార్యను, అరవై ఎనిమిదేళ్ల వయసులో రాయించుకుంటున్న వీలునామా ఇది. దవాఖానాలో నా గుండెకు స్టెంటు వేశారు గానీ బుద్ధికి ఏ మరమ్మతూ అవసరం పడలేదు. మొన్న ఆదివారం మా ఇంటి పేకాటలో ఎవరి ముందు ఎన్ని చింతగింజలు మిగిలాయో ఇప్పుడు అడిగినా చెప్పగలను. నన్నెవరూ బెదిరించలేదు, బుజ్జగించలేదు.

1. లోగడ నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో నా ఇల్లు మొత్తం కోడలు శిరీషకు రాసి, నా ఒక్కగానొక్క కొడుకు సాయి కుమార్ పేరు తీసేశాను. వాడి చేతికొస్తే ఇల్లు ఆటలో పోతుందని భయపడ్డాను. ఆ భయం ఎట్లా పోయిందో చివరి అంశంలో ఉంది. వీలునామాకు కారణాలు అక్కర్లేదని వకీలు గారు అన్నారు. ఫీజు ఇచ్చింది నేను కాబట్టి రాయిస్తున్నాను.

2. సదరు ఇల్లు నా భర్త ఇక్కడి ఫ్యాక్టరీలో టర్నర్‌గా చేసి కట్టించినది. ఆయనకు ఆదివారం పోకర్ ఆడే అలవాటు. ఒకసారి జీతమంతా పోగొట్టుకొచ్చి గడప దగ్గర చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు. ఆడొద్దని నేను అనలేదు. అంటే ఇంకోచోట ఆడతాడు. ఇక నుంచి మన ఇంట్లోనే ఆడమన్నాను, పైసలు ముందే నాకిచ్చి నా దగ్గర చింతగింజలు తీసుకొమ్మన్నాను. కూర్చునే ముందు ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగేదాన్ని: "ఈయాల ఎంత పోతే ఏడ్వవు?" చెప్పినంతకే గింజలు. బియ్యం పైసలు, బడి ఫీజులు నా గింజల్లోకి రావు. గెలిచినవాడి గింజల్లో సగం అక్కడికక్కడే తీసుకొని పైసలు వాడి జేబులో పెట్టించేదాన్ని. ఓడినవాడికి రెండో పిడికెడు లేదు. "గింజలు అయిపోయినయ్, లే అన్నా, చాయ్ తాగు" అనేదాన్ని. అందుకే మా ఇంట్లో ఎవరైనా ఓడి లేస్తే పోగొట్టుకున్నాడనరు, చాయ్ తాగిండు అంటారు.

ఈ ఇంటి స్థలం రిజిస్ట్రేషన్ రోజున ఉప్పల్ ఆఫీసు మెట్ల మీద గోపయ్య, "నా చెయ్యి కన్నా నీ చెయ్యి గట్టిది" అని నా పేర రాయించాడు. ఎన్ని చాయ్‌లు పోసినా ఆ రుణం తీరలేదు.

3. నా మరిది సురేష్‌కు గింజ తీయని చింతపండు ఒక కిలో. ఇతను ఒక ఆదివారం ఇంటి నుంచి చింతగింజలు జేబులో పోసుకొచ్చి నా గింజల్లో కలిపాడు. ఆ రోజు నుంచి గుర్తు కోసం నా గింజలన్నీ పెనం మీద నల్లగా వేయించాల్సి వచ్చింది. నేను మరిచిపోలేదు. అయినా గోపయ్య మంచాన పడినప్పుడు రోజూ బండి మీద నన్ను దవాఖానాకు తీసుకుపోయింది ఇతనే, పెట్రోలుకు పైసా తీసుకోలేదు. కాబట్టి గోపయ్య చేతి గడియారం కూడా ఇతనికే.

4. కాకినాడ నుంచి వచ్చి మా గల్లీలోనే స్థిరపడిన అకౌంటెంటు చిదంబరం గారిని ఈ వీలునామా అమలుకు నియమిస్తున్నాను. ఆటలో పెద్దమనిషి. "అమ్మా తారామణీ, ఒక్క గుప్పెడు అప్పివ్వండి" అని అడగని ఆదివారం లేదు, ఇవ్వనందుకు అలిగిన ఆదివారమూ లేదు. ఆయన ఆనుకొని కూర్చునే టేకు కుర్చీ ఆయనకే.

5. నా బంగారమంతా శిరీషకు. పాత వీలునామా మారుస్తున్నానని చెబితే, "అత్తమ్మా, ఆయన పేరు తీసేసిన కాన్నుంచి నాకు నిద్ర పడ్తలేదు, గిప్పుడు పడ్తది" అన్నది. కోడలి నోట ఆ మాట విన్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

6. సాయి కుమార్ సంగతి. వాడు ఫోన్‌లో ఆడాడు. ఫోన్‌లో గింజలు అయిపోవు, లెమ్మని చాయ్ ఇచ్చేవాళ్లు ఉండరు. దాచుకున్నదంతా పోయాక పట్టపగలు వచ్చి, బ్యాంకు కార్డు నా ఒళ్లో పెట్టి, "అమ్మా, నాకు గూడ నువ్వే గింజలియ్యి" అన్నాడు. ఫోన్ ఆట తీసేశాడు. అప్పటి నుంచి కార్డు నా బీరువాలో ఉంది, వాడు ఆదివారం నా గింజలతోనే ఆడుతున్నాడు. అయినా వాణ్ని ఆపుతున్నది వాడి మనసా, నా చెయ్యా అన్నది నాకు తెలియలేదు. నా చెయ్యి ఎల్లకాలం ఉండదు కదా.

7. మొన్న ఆదివారం వాడి గింజలు తొందరగా అయిపోయాయి. ఖాళీ చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని కూర్చున్నాడు, చిన్నప్పటి ముఖమే. ఇన్నేళ్లలో కట్టుకున్నవాడికి కూడా ఇవ్వని రెండో పిడికెడు నా చెయ్యి డబ్బాలోంచి తీసి వాడి ముందుకు చాచింది. పరీక్ష పెట్టానని చెప్పుకోవచ్చు. కాదు, పాపం అనిపించింది. వాడు నా పిడికిలి మెల్లగా మూసి, "వద్దమ్మా, నాయి అయిపోయినయ్. నువ్వు కూసో, చాయ్ నేను పెడ్త" అన్నాడు.

కావున నా తదనంతరం సదరు ఇల్లు, వేయించిన గింజల డబ్బాతో సహా, నా కుమారుడు సాయి కుమార్‌కు సర్వహక్కులతో చెందవలెను. ఏ షరతూ లేదు. కార్డు ఈ రోజే వాడికి ఇచ్చేశాను. మొన్న వాడు పెట్టిన ఆ చాయ్‌లో చక్కెర ఎక్కువేశాడు. నాకు షుగరుంది, అయినా మొత్తం తాగాను.

నాచారం, 19 నవంబరు 2025.

(సంతకం) గడ్డం తారామణి

మా ఎదుట చదివించుకొని, నవ్వుతూ సంతకం చేసినందుకు సాక్షులు:
1. ఫణీంద్ర, మందుల దుకాణం, ఏఎస్ రావు నగర్
2. వెంకటనర్సమ్మ, పక్కింటి నివాసి, నాచారం