నా చెవికి అందని ‘స’

బుద్రి అక్కకు,

చెల్లి సోమిలి దండాలు. బెంగళూరులో నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, బావ, అమ్మ, పిల్లలు అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. నీ కోపం ఒక్కటే బాగుండకూడదని నా కోరిక. ఈ కాగితం చింపేసే ముందు ఒక్కసారి చివరిదాకా చదువు. నా నంబరు బ్లాక్ చేశావని తెలుసు. బావ ఫోన్‌కి మెసేజ్ పెట్టొచ్చు, కానీ ఇది నాలుగు ముక్కల్లో చెప్పే సంగతి కాదు.

ఆ రోజు నువ్వు ఫోన్‌లో, "పెద్దయ్య సచ్చిపోనాడే" అన్నావు. నాకు వినబడింది, "పెద్దయ్య వచ్చిపోనాడే" అని. మనింటికి వచ్చి వెళ్ళాడు కాబోలు అనుకుని నవ్వాను. "ముద్ద పెట్టి పంపేరా?" అని అడిగాను. నువ్వు ఫోన్ పెట్టేశావు. సిగ్నల్ పోయిందనుకుని పనిలో పడ్డాను. మర్నాడు బావ మెసేజ్ వచ్చింది. "మీ పెద్దయ్య పోనాడు. నువ్వు నవ్వినావట. మీ అక్క ఏడుత్తంది." అది చదివి, కాఫీ గింజలు వేయించే మిషను పక్కనే నిలబడి నీకు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశాను.

నేను నవ్వుతానా అక్కా? అయ్య పోయాక మనిద్దరికీ అయ్య ఆయనే కదా. ముక్కు వెనక క్యాన్సర్ గడ్డకి విశాఖపట్నంలో కరెంటు పెట్టించినప్పుడు నా వెంట ఉన్నదీ ఆయనే. రోజూ గది బయట బల్ల మీద గొడుగు పట్టుకుని కూర్చునేవాడు. నేను బయటికి రాగానే, "కాలిందేటే?" అనేవాడు. ఏమీ తెలియలేదు పెద్దయ్యా అంటే నమ్మేవాడు కాదు. నా చెంప మీద చెయ్యి పెట్టి చూసుకునేవాడు.

ఆయన అనుమానమే నిజమైంది. చెంప కాదు గాని, చెవి కాలింది.

బావ మెసేజ్ చూశాక ఇక్కడి ఆసుపత్రికి వెళ్ళాను. నిజానికి ముందే వెళ్ళాల్సింది. కొన్నాళ్ళుగా చెవుల్లో కీచురాళ్ళ రొద. మనిషి ఎదురుగా ఉంటే మాట తెలిసేది, ఫోన్‌లో తెలిసేది కాదు. గడ్డ మళ్ళీ వచ్చిందేమోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. స్కానింగ్ తీశారు. గడ్డ రాలేదు. ఈ మాట ముందు అమ్మకి చదివి వినిపించు, నిజంగానే రాలేదు.

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. కరెంటు పెట్టిన చోటికి రెండు చెవుల లోపలి భాగాలూ బాగా దగ్గరట. గడ్డని మాడ్చేటప్పుడు ఆ సెగ వాటికీ తగిలిందట. అప్పుడే తెలియదు, కొందరికి ఏళ్ళు గడిచాక బయటపడుతుందట. పోయిన వినికిడి తిరిగి రాదు, చెవికి మిషను పెట్టుకుంటే మాట అందుతుంది అంది. ఆ కరెంటు మీద నాకు కోపం లేదు. నన్ను బతికించింది అదే.

తరవాత వినికిడి పరీక్ష చేసింది ఒక అనంతపురం అమ్మాయి. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని "సన్నం" అంది. నేను "అన్నం" అన్నాను. "సాగు" అంది. "ఆగు" అన్నాను. "మీకు సగం మాటే వినబడతా ఉందక్కా, మిగతాది మీరే ఊహించుకుంటా ఉండారు. ‘స’ లాంటి సన్న చప్పుళ్ళే ముందు పోతాయి" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మనం ‘చ’ అనాల్సిన చోటల్లా ‘స’ అంటాం కదా. సూడు, సెప్పు, సేను, సెట్టు, సెల్లి. నా చెవి ఏరికోరి మన ఇంటి మాటనే పోగొట్టుకుంది.

పని మానను. వేగేటప్పుడు కాఫీ గింజ మొదట గట్టిగా పేలుతుంది, అది వినబడుతోంది. ఆ తరవాత సన్నగా చిటచిటమన్నప్పుడు దించేయాలి, అది వినబడక రెండుసార్లు మాడ్చేశాను. ఓనరు ప్యాకింగ్‌కి వెళ్ళమన్నాడు. "వెళ్ళను సార్, రంగు చూసి దించుతాను, కొన్నాళ్ళు చూడండి" అన్నాను. ఇప్పటిదాకా మళ్ళీ మాడలేదు. చెవి మిషను కూడా పెట్టించుకున్నాను. మొదటి రోజు నా చెప్పుల చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డాను. అలవాటు చేసుకుంటాను, తప్పదు.

ఇక్కడ ముసురు పట్టింది, మన చలి మాత్రం లేదు. కరెంటు పెట్టినప్పటి నుంచి నోరు ఎండిపోతుంది కాబట్టి నాకు అంబలే హాయి. ఇక్కడి రాగిపిండి మన చోడిపిండిలా ఉండదు, ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త పంపు. అమ్మ మాత్రం నా చెవిలో పోయడానికి నూనె కాచి పంపొద్దు, డాక్టరమ్మ ఒప్పుకోదు. అమ్మ కాళ్ళకి, బావకి దండాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. అమ్మోరి దగ్గర నా పేరున ఒక దీపం పెట్టు.

పెద్దయ్య పేరున ఊరికి భోజనాలు పెట్టే రోజుకి వస్తున్నాను. విశాఖపట్నం నుంచి కిరండూల్ రైలుకి టికెట్టు తీశాను. మిషను పెట్టుకునే వస్తాను. నాకోసం అరవొద్దు, అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది. నాకోసం ‘చ’ పలకడమూ నేర్చుకోవద్దు. నా ఎదురుగా కూర్చుని, ఆ రోజు చెప్పిన మాట అలాగే మళ్ళీ చెప్పు. పెద్దయ్య పోయాడని నేను ఫోన్‌లో చదివానే గాని, ఇంతవరకూ ఎవరి నోటా వినలేదు అక్కా. నీ నోట విని, నీ పక్కన కూర్చుని ఏడవాలి.

నీ సెల్లి,
సోమిలి