శుభమస్తు సంచులు

అక్కా,

నువ్వు వాగులో బట్టలు ఉతుక్కుని వచ్చేసరికి నేను బడికి వెళ్ళిపోయి ఉంటాను. పాలు కాచి పెట్టాను. అన్నం పొయ్యి పక్కన ఉంది. నా కోసం చూడకుండా వేళకు తిను.

మొన్న సుశీల దినాలకు చుట్టాలు మనకు పెట్టిన బట్టలతో వచ్చిన దుకాణం సంచులన్నీ తీసుకుపోతున్నాను. పిల్లలు పుస్తకాలు యూరియా సంచుల్లో తెచ్చుకుంటున్నారు, వాళ్ళకు ఇస్తాను. “గివన్నీ ఇంట్ల ఎందుకు తమ్ముడూ” అని నువ్వన్నది నిజమే. ప్రతి సంచి మీదా ‘శుభమస్తు’ అని ఉంది. ఎందుకు కొంటున్నారో దుకాణం వాళ్ళకేం తెలుసు.

తలుపు వెనక కొక్కేనికున్న పాత సంచి మాత్రం తీయకు. సత్తుపల్లిలో మా పెళ్ళి చీరతో ఊరికే ఇచ్చారు. ఊరికే అంటే సుశీల ఒప్పుకునేది కాదు. “సంచి పైసలు చీరలనే కలుపుకున్నడు గద సారూ” అని నవ్వేది. ఆఖరుసారి సంతకు అదే పట్టుకెళ్ళింది. లోపల ఆమె తెచ్చిన చింతపండు అలాగే ఉంది. చారుకు కావాలంటే వజీర్ కొట్లో తెప్పించుకో.

తమ్ముడు

దాని మీద కూడా శుభమస్తు అనే ఉండేది. సుశీల ఉతికి ఉతికి చెరిపేసింది. ఇక ఉతకవద్దు అక్కా.