పెన్సిలు చెరిగిన నెగెటివ్

నాగమ్మా,

ఎల్లుండి నీ సంవత్సరీకం. గోడకు పెద్ద ఫోటో కావాలని, మన స్టూడియోలో నేను తీసిన నీ పాత నెగెటివ్ పట్టుకుని గిద్దలూరు ల్యాబుకు పోయాను. అక్కడి అమ్మాయి స్కాన్ చేసే ముందు దాన్ని మందుతో తుడిచింది. నీ బుగ్గల మీది అమ్మవారి మచ్చలు కనపడకుండా అప్పట్లో నేను పెన్సిలుతో దిద్దిందంతా పోయింది. కంప్యూటర్లో మచ్చలతోనే నీ మొహం వచ్చింది.

"అయ్యో తాతా, మురికనుకున్నా. ఉండు, ఒక్క నొక్కుతో నున్నగా చేస్తా" అన్నది.

చేసింది. మచ్చలతో పాటు నవ్వితే పడే గీత కూడా పోయింది.

"ఈ పిల్ల ఎవురమ్మా? మా ఇంటామె యాడ పోయింది?" అన్నాను.

"అవ్వకు నవ్వు గూడా కావాల్నా?" అని నవ్వి, గీతను మళ్ళీ తెచ్చింది. నాకు పూట పట్టే పని ఆ సాఫ్ట్‌వేర్ నిమిషంలో చేస్తుంది. ఏది మచ్చో ఏది నవ్వో దానికి మనిషి చెప్పాలి, అంతే. మెరిసే కాగితం వద్దని మ్యాట్ మీద వేయించాను.

మచ్చలు ఎవరికీ కనపడనీయనని నీకు మాట ఇచ్చాను కదా, గోడకు నున్నటిదే పెడతాను. మచ్చలున్నది కూడా చిన్న సైజులో ఒకటి వేయించుకున్నాను. కళ్ళద్దాల డబ్బాలో పెట్టాను. కోప్పడకు, అది నేను ఒక్కడినే చూసుకుంటాను.