మూడో పేరు

రాజమహేంద్రవరం,
ఆదివారం.

పుల్లయ్య మాస్టారికి నమస్కారాలు.

మీరు చదువు చెప్పిన బళ్ళో పాత కంప్యూటర్లకి మేం పదిమందిమి కలిసి తయారుచేసిన తెలుగు లినక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాం కదండీ. అది చక్కగా నడుస్తోందని అక్కడ లెక్కలు చెప్పే పావని అంది. చిక్కల్లా దాని పేరుతోనే వచ్చింది. ‘మహోజ్జ్వల’ అని పెడితే ఆ పేరు మాదంటూ ఒక కంపెనీ నోటీసు పంపింది. ‘దిగ్విజయ’ అని మారిస్తే నెల తిరక్కుండా ఇంకొకరు అదే మాట అన్నారు. పేరు పోయినప్పుడల్లా మాలో ఒకరిద్దరు నీరసపడి మానేస్తున్నారు. జూన్‌లో రావులపాలెం చుట్టుపక్కల పన్నెండు బళ్ళకి ఇవ్వాలి.

నిన్న మీటింగులో పావని మీ సంగతి ఎత్తింది. మీకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని, మిమ్మల్ని మీ అమ్మగారు తిని పారేసిన పుల్లి విస్తళ్ళ మీద పొర్లించి పుల్లయ్య అని పిలిచారని మీరే చెప్పారట.

“గొప్ప పేరైతే అందరి కళ్ళూ పడతాయమ్మా. ఇలాంటిదైతే యముడు కూడా నాకొద్దు పొమ్మంటాడు” అన్నారట.

ఈ మాట ఇదివరకొకసారి విని నేను నవ్వాను. క్షమించండి. నిన్న ఎవరూ నవ్వలేదు. ఓట్లన్నీ ‘పుల్లయ్య’కే పడ్డాయి.

మీ పేరు పెట్టుకోమంటారా? ఎగతాళి అనిపిస్తే ఒక్క ముక్క రాయండి, మానేస్తాం. కానీ మాస్టారూ, డెబ్భై ఆరేళ్ళు నిలబడి చూపించిన పేరు మాకు ఇదొక్కటే దొరికింది.

మీ దగ్గర అక్షరాలు దిద్దుకున్న
శిష్యురాలు