రాశి లోపలి వేడి

శనివారం, పెనుగంచిప్రోలు

సాయంత్రం కల్లంలో మిరపకాయలు గలగలమంటుంటే, "ఎండిపోయాయి బాబాయ్, బస్తాలకెత్తించు" అన్నాను. బాబాయి మోచేతిదాకా రాశిలోకి చెయ్యి దూర్చి, "పైన చూసి చెబితే ఎట్టా అమ్మాయ్? లోపల ఇంకా ఉడుకుతున్నాయి, చూడు" అన్నాడు. నేనూ చెయ్యి పెట్టాను. నిజంగానే వేడి. నిన్న ల్యాబ్‌లో పెట్టిన సంతకం గుర్తొచ్చింది.

మేం తయారుచేస్తున్న ఉపగ్రహ పరికరం చేసేదీ అదే, మేఘాల లోపలి వేడినీ తేమనూ పట్టుకోవడం. దాని కొలతలను తెలిసిన వేడితో పోల్చి సరిచూసే నల్లపలక ఒకటి అందులోనే ఉంది. నిన్న ఆ పలక వెనకవైపు సెన్సర్ ఒక్కటే చూసి, అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టేశాను. పరికరం చూసేది ముందువైపును. రెండు వైపులా వేడి ఒకటి కాకపోతే పైనుంచి వచ్చే ప్రతి లెక్కా తప్పే. ఆ లెక్కతో చెప్పే వాన కబురు నమ్ముకుని ఇలాంటి కల్లాల్లో ఎంతమంది కాయ ఆరబోసుకుంటారో...

సోమవారం పరికరాన్ని మళ్ళీ తెరవకుండా సీలు వేసి మూసేస్తారు. మూయొద్దని మా మేడమ్‌కి మెసేజ్ రాసి పెట్టుకున్నాను. పంపాలంటే భయం, పంపకపోతే అంతకన్నా భయం. మూడుసార్లు కడిగినా చెయ్యి మండుతూనే ఉంది.

బాబాయి రేపు రాశి విప్పి మళ్ళీ ఆరబోస్తాడట. మా పరికరం ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళిపోయాక, అందులో చెయ్యి పెట్టి చూసేదెవరు?